పసుపు పట్టిన ఆపిల్ ముక్కలు

మా ఇంట్లో ఆపిల్ అంటే ఎవరికో ఒంట్లో బాగోలేదని అర్థం. నా చిన్నతనంలో కొల్లేటి లంకలోని మా ఊరికి జామకాయలు వచ్చేవి, ముంజెలు వచ్చేవి, చెరుకు ముక్కలు వచ్చేవి. ఆపిల్ మాత్రం ఏలూరు ఆసుపత్రి నుంచి తిరిగివచ్చే మనిషి సంచిలోనే కనబడేది. నా ఏడో ఏట పెద్ద జ్వరం వచ్చి తగ్గినప్పుడు నాకూ ఒక పండు దక్కింది. అమ్మ దానిని కత్తిపీట మీద అడ్డంగా, బొచ్చె చేపను కోసినట్టు, గుండ్రటి ముక్కలుగా కోసింది. ఒక ముక్కను కిటికీ వెలుగుకు ఎత్తి పట్టి చూశాను. నడుమ గింజల గూడు చిన్న పువ్వులా విచ్చుకుని ఉంది. ఆ చెట్టు పువ్వు ఒకటి బయటికి రావడం మరిచిపోయి పండులోనే ఉండిపోయిందని చాలాకాలం నమ్మాను.

ఇన్నేళ్ల తరవాత, ఈమధ్య వచ్చిన కార్తీక మాసంలో, మా ఇల్లు ఆపిల్ పండ్లతో నిండిపోయింది.

ఇప్పుడు మేము ఏలూరులో ఉంటున్నాము. మా వాళ్లలో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేను. నా చదువు కోసమే అమ్మ లంక విడిచి వచ్చి, ఇక్కడి చేపల మార్కెట్లో ఒక చోటు సంపాదించుకుంది. కొన్నవాళ్లకు చేపను శుభ్రం చేసి, ముక్కలు కోసి ఇవ్వడం ఆమె పని. నాన్న కైకలూరు పక్కన చేపల చెరువుల మీద పనిచేస్తూ పదిహేను రోజులకొకసారి ఇంటికి వస్తారు. నేను తాడేపల్లిగూడెంలో ఒక కళాశాల గ్రంథాలయంలో ఉద్యోగం చేస్తున్నాను. పొద్దున్నే రైలెక్కితే సాయంత్రానికి ఇల్లు చేరతాను.

దసరాకు ముందు ఒక ఉదయం, మార్కెట్లో జెల్ల చేప ముల్లు అమ్మ కుడి బొటనవేలి మొదట్లో దిగింది. అటువంటివి ఆమెకు లెక్కలోనివి కావు. కాస్త పసుపు అద్దుకుని, పని పూర్తిచేసుకునే వచ్చింది. మూడో నాటికి చెయ్యి మణికట్టు దాకా ఉబ్బిపోయింది. ఆసుపత్రిలో చేర్చుకుని, కోసి చీము తీశారు. దీపావళి ముందర కట్టు విప్పేసరికి బొటనవేలూ దాని పక్క రెండు వేళ్లూ కొయ్యముక్కల్లా బిగిసిపోయి ఉన్నాయి. బొటనవేలి కొస చూపుడువేలి కొసను అందుకోలేకపోయింది. రెండింటి నడుమ ఒక పెన్సిల్ పట్టేటంత ఖాళీ మిగిలింది.

“మళ్లీ కత్తిపీట మీద ఎప్పుడు కూర్చోవచ్చండీ?” అని అమ్మ డాక్టరు గారిని అడిగింది.

“ముందు చిటికెడు ఉప్పు పట్టుకోండమ్మా, చూద్దాం,” అన్నారాయన. “వేళ్లు రోజూ ఆడించాలి. ఆడిస్తే వస్తాయి. వదిలేస్తే ఇలాగే ఉండిపోతాయి.” నొక్కుతూ ఉండమని ఒక మెత్తటి బంతి ఇచ్చి పంపారు.

ఇంటికి రాగానే అమ్మ ఆ బంతిని ఫ్రిజ్ మీద పెట్టేసింది. “ఇది నొక్కుతా కూచోడానికి నేనేమన్నా చంటిపిల్లనా?” అంది. వంటింట్లోకి వెళ్లి, నేను చూడటం లేదనుకుని, ఉప్పు డబ్బాలో వేళ్లు పెట్టింది. ఉప్పు ఆ పెన్సిలంత ఖాళీలో నుంచి జారి డబ్బాలోనే పడింది.

చూడటానికి వచ్చిన ప్రతివారూ ఆపిల్ పండ్లే తెచ్చారు. అందరికన్నా ముందు వచ్చింది మార్కెట్లో అమ్మ పక్కనే కూర్చుని చేపలు కోసే ఆవిడ. ఒకరినొకరు ‘వదినా’ అని పిలుచుకుంటారు కనుక నాకు ఆవిడ అత్త.

“ఏం వదినా, ఇన్నేళ్లూ చేపల్ని నువ్వు కోశావు. ఇప్పుడో చేప నిన్ను కోసిందంట?” అంది అత్త గుమ్మంలోనే.

“కోసింది డాక్టరు. చేప పాపం గుచ్చి ఊరుకుంది,” అంది అమ్మ.

అత్త తెచ్చిన పండ్లకు తెల్లటి మెత్తని జాలీ తొడుగులు ఉన్నాయి. అమ్మ ఒక దానిని ఎడమచేత్తో పైకెత్తి అటూ ఇటూ తిప్పింది. “పండుకి వల వేశారేంటి వదినా? ఎక్కడికి ఈదుకుపోద్దని?”

ఇద్దరూ పగలబడి నవ్వారు. తరవాత అత్త గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పింది. కార్తీక మాసం కావడంతో మార్కెట్ పలచగా ఉంది. ఊళ్లో చాలామంది ఈ నెల చేప ముట్టరు. కుళాయి పక్కన అమ్మ కూర్చునే అరుగు అందుకే ఇంకా ఖాళీగా ఉంది. నెల ముగిసి, పోలి పాడ్యమి వెళ్లిందంటే జనం విరగబడతారు. ఆ మొదటి రోజున ఎవరు ఎక్కడ కూర్చుంటే ఏడాది పొడుగునా ఆ చోటు వాళ్లదే. ఎక్కడా రాసి లేకపోయినా అందరూ పాటించే పద్ధతి అది. పెదపాడు వైపు నుంచి వచ్చిన ఒకామె ఇప్పటికే రెండుసార్లు కుళాయి పక్కన నిలబడి చూసి వెళ్లిందట.

“నా సంచి పెట్టి ఉంచుతాను. కానీ ఆ రోజు సంచి కూచుంటే ఒప్పుకోరు వదినా. మనిషి కూచోవాలి,” అంది అత్త.

అమ్మ వల తొడిగిన పండును ఒళ్లో పెట్టుకుని దాని మీద బిగిసిన వేళ్లను ఆనించి కూర్చుంది.

ఆ పండ్లను నేనే కోసిపెట్టాలనుకున్నాను. చాకుతో తొక్క తీస్తే తొక్కతో పాటు సగం పండూ పోతున్నదని, ఫోనులో ఒక వీడియో చూసి, తాడేపల్లిగూడెం బజారులో రెండు పనిముట్లు కొన్నాను. ఒకటి తొక్క తీసే పీలర్. రెండవది పిడి ఉన్న స్టీలు గొట్టం. దాని అంచుకు చిన్న పళ్లుంటాయి. పండు నడిమధ్యన గుచ్చి తిప్పితే గింజల గూడంతా ఒక్కసారే ఊడి వస్తుందని దుకాణదారు చెప్పారు.

అమ్మ పీలర్‌ను చూసి, “ఏంటే ఇది, మీ నాన్న గడ్డానికా?” అంది.

“తొక్క తీయడానికమ్మా.”

“మరి ఆ గొట్టమో?”

“గుచ్చితే మధ్యలో గింజలన్నీ ఒకేసారి వచ్చేస్తాయి.”

“గింజలతో పాటు నీ అరచెయ్యి కూడా వచ్చేస్తదేమో చూసుకో.”

ఆమె మాట విని పండును చేతిలో నుంచి తీసి చెక్కపలక మీద నిలబెట్టాను. బలమంతా పెట్టి నొక్కాను. గొట్టం పక్కకు ఒరిగి దిగింది. తీసి చూస్తే గింజల గూడు సగమే వచ్చింది. మిగిలిన సగం పండులోనే ఉండి నన్ను చూస్తోంది.

“కన్నం మాత్రం బాగా పెట్టావు. దారం గుచ్చి మెళ్లో వేసుకో,” అంది అమ్మ. అంత నొప్పిలోనూ ఆమె కళ్లు నవ్వుతున్నాయి.

పీలర్ పనితనమూ అంతే. చిన్న చిన్న తొక్క ముక్కలు నా ఒడి నిండా రాలాయి. అమ్మ కాసేపు చూసి, “పండు కూచుంది, నువ్వు దాని చుట్టూ తిరుగుతున్నావు. అది తిరగాలి, నువ్వు కూచోవాలి,” అంటూ గోడవారన ఉన్న ఇంటి కత్తిపీటను కాలితో దగ్గరికి లాక్కుంది. మార్కెట్ కత్తిపీట వేరే ఉంది. దానిని ఎప్పుడో గోనెసంచిలో చుట్టి మూలన నిలబెట్టాను.

నేను వారించబోయాను. ఆమె అప్పటికే పీట మీద పాదం ఆనించి కూర్చుంది.

కత్తిపీట మీద కత్తి కదలదు. కొంగ మెడలా వంగి నిలబడి చూస్తూ ఉంటుంది. వస్తువే దాని దగ్గరకు వెళ్లి, తాకి, తిరిగి రావాలి. అమ్మ పండును రెండు అరచేతుల నడుమ పట్టుకుని కత్తికి ఆనించి తన వైపు తిప్పింది. కుడి బొటనవేలు దారి చూపవలసిన చోట చూపలేకపోయింది. మొదటి రోజున వచ్చినవి చేప పొలుసులంత తొక్కలే. ఆమె ముఖాన చెమట పట్టింది. ఆ ఒక్క పండుకూ సాయంత్రమంతా పట్టింది.

మరునాడు నేను రైలు దిగి ఇంటికి వచ్చేసరికి పళ్లెంలో రెండు వేళ్ల పొడవున్న ఎర్రటి తొక్క ఒకటి ఉంది. దానిని పారేయడానికి నాకు మనసొప్పక కిటికీ ఊచకు వేలాడదీశాను. ఆ తరవాత రోజూ ఒక తొక్క దాని పక్కన చేరింది. ఒకటి మూర పొడవు ఉండేది, మరునాటిది మళ్లీ కురచ అయ్యేది. పాతవి ఎండి ముడుచుకుని గోధుమరంగుకు తిరిగేవి. పొద్దుటి ఎండ వాటిలో నుంచి గదిలోకి వచ్చినప్పుడు నేల మీద లేత ఎరుపు నీడలు మెల్లగా ఊగేవి. ఆ నీడల మీద అడుగు వేయకుండా తప్పించుకుంటూ రైలుకు బయలుదేరేదాన్ని. భీమడోలు దాటి పూళ్ల వచ్చేవరకు రైలు కిటికీ అవతల మంచు, పండుతున్న వరి, మంచులో ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తాయో తెలియని చేపల చెరువులు. కళ్లు మూసుకుంటే నాకు ఆ చెరువుల పైన కూడా ఎర్రటి తొక్కలు వేలాడుతున్నట్టు తోచేది.

గింజలు తీసే పద్ధతి కూడా అమ్మది వేరు. నా గొట్టాన్ని ఆమె ముట్టనే లేదు. పండును నాలుగు చెక్కలు చేసి, ఒక్కొక్క చెక్కనూ కత్తి కొనకు ఆనించి, గింజల గూటి కిందుగా చిన్న వంపు తిప్పేది. ఆ క్షణంలో ఊపిరి బిగపట్టేది.

“అంత భయమెందుకమ్మా?” అని అడిగాను.

“చేదు పగలకూడదు,” అంది.

చేప కడుపులో ఆకుపచ్చగా చేదు సంచి ఒకటి ఉంటుంది. శుభ్రం చేసేటప్పుడు అది పగిలితే ఎంత కడిగినా కూర నోట పెట్టుకోలేము. పగలకుండా తీసి పక్కన పెట్టడమే ఆ పనిలో అసలైన నేర్పు. ఆపిల్ నడిగూటిని కూడా అమ్మ అదే జాగ్రత్తతో తీస్తున్నది. ఆమె చూడనప్పుడు ఒక గింజను కొరికి చూశాను. నిజంగానే చేదుగా ఉంది.

ముక్కలు నల్లబడకుండా ఉప్పునీళ్లలో వేయాలని వీడియోలో చెప్పారు. అది మాత్రం అమ్మకు నచ్చింది. “ఈ మాట చెప్పినోళ్లెవరో మనవాళ్లే అయ్యుంటారు,” అంది. సందులోని పిల్లలు సాయంత్రాలు గిన్నెలతో వచ్చి ఆ ముక్కలు పట్టుకుపోయేవారు.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. ఆ తొక్కలు పొడవు పెరుగుతున్న కొద్దీ నాకు కలిగినది పూర్తి సంతోషం కాదు. కళాశాలలో ఉద్యోగానికి చేరిన రోజున ఇచ్చిన దరఖాస్తులో తల్లి వృత్తి అన్న గడిలో నేను ‘గృహిణి’ అని రాశాను. అలా రాయమని ఎవరూ అడగలేదు, ఎవరూ బలవంతం చేయలేదు. నా చేతితో నేనే, అందమైన అక్షరాలతో రాశాను. ఆమె చెయ్యి ఇలాగే ఉండిపోతే ఆ మాట నిజమవుతుందని నాకు ఒకటి రెండుసార్లు తోచింది. తోచినందుకు సిగ్గుపడ్డాను. అయినా ఒక సాయంత్రం అడిగేశాను.

“ఇంక మార్కెట్ మానెయ్యకూడదా అమ్మా? నా ఉద్యోగం ఉంది కదా.”

“మానేసి?”

“విశ్రాంతిగా ఉండు.”

అమ్మ పండు తిప్పడం ఆపలేదు. “నువ్వు పుస్తకం ముట్టుకోకుండా ఎన్నాళ్లుంటావే?” అంది. మందలించినట్టు కాదు, నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టే.

కార్తీకం చివరి ఆదివారం అది. మధ్యాహ్నం సన్నటి తుంపర మొదలైంది. గాలిలో నీటినాచు వాసన ఉన్నది. కొల్లేరు ఇంత దూరం వచ్చి మా వీధి చివర ఆగినట్టు అనిపించింది. భోజనాలయ్యాక వంట సామాను ఇంకా సర్దలేదు. పోపుల డబ్బా మూత తీసి ఉన్నది ఉన్నట్టే నేల మీద ఉంది. అమ్మ దాని పక్కనే కత్తిపీట వేసుకుని కూర్చుంది. నేను గోడకు ఆనుకుని సగం నిద్రలో ఉన్నాను.

అమ్మ తన చిన్ననాటి కబుర్లు చెబుతోంది. మంచులో దోనె మీద వెళుతుంటే ముందు కూర్చున్న వాళ్లమ్మ వీపు తప్ప ఏమీ కనబడేది కాదట. గూడబాతులు రెక్కలు కొట్టుకోవడం వినబడేది కానీ అవి ఎటున్నాయో తెలిసేది కాదట. వాళ్లమ్మ దోనె అంచునే చేపలు శుభ్రం చేసి, ఆ నీళ్లలోనే కడిగేసేదట. “చూడక్కర్లేదే. చేతులు వాటంతట అవే చేసుకుపోయేయి. ఆవిడ మటుకు నాతో కబుర్లు చెప్తా ఉండేది,” అంది. మాట నెమ్మదిగా, నిద్రలో నడిచినట్టు సాగుతోంది. పండు కత్తి చుట్టూ తిరుగుతోంది. తొక్క ఆమె మోకాలి మీదుగా జారి నేలను తాకింది. చెక్కలు అయ్యాయి. గింజలు వచ్చాయి. ముక్కలు ఒక్కటొక్కటిగా ఉప్పునీళ్లలో పడ్డాయి.

అప్పుడు ఆమె కుడిచెయ్యి పక్కకు వెళ్లింది. పోపుల డబ్బాలో పసుపు గిన్నెను వెతుక్కుని, చిటికెడు పసుపు తీసి, ముక్కల మీద చల్లి, చేత్తో నాలుగుసార్లు కలియతిప్పింది. నోరు మాత్రం దోనె సంగతే చెబుతోంది.

నా నిద్ర ఎగిరిపోయింది. అయినా కదలలేదు. కదిలితే ఆ చెయ్యి బెదిరిపోతుందేమో అనిపించింది.

గిన్నెలో నీళ్లు పచ్చగా మారాక అమ్మ కిందికి చూసింది. “అయ్యో, నా మతి మండ! పండుకి పసుపేశానేంటే!”

“అమ్మా, నీ చెయ్యి చూసుకో.”

బొటనవేలి కొసన, చూపుడువేలి కొసన పసుపు అంటి ఉంది. అమ్మ ఆ రెండింటినీ ముఖానికి దగ్గరగా పెట్టుకుని, ఎవరివో చూసినట్టు చూసింది. మెల్లగా దగ్గరకు తెచ్చింది. కొసలు ఒకదాన్నొకటి తాకాయి.

“ఉప్పు డబ్బా ఇలా ఇయ్యి,” అంది.

ఇచ్చాను. చిటికెడు తీసింది. సగం రాలిపోయింది. సగం నిలిచింది. ఆ సగాన్ని ఆమె చాలాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. బయట తుంపర ఆగినట్టుంది, చూరు నీళ్లు మాత్రం పడుతున్నాయి.

ఆ ముక్కలను ఇద్దరమూ తిన్నాము. మొదట ఉప్పు, తరవాత తీపి, ఆ వెనక మా ఇంట్లో చేపల కూర వండే రోజున వచ్చే వాసన. తిన్నాక నేను లేచి మూలనున్న గోనెసంచి విప్పి, మార్కెట్ కత్తిపీటను పెరట్లోకి మోసుకెళ్లి చింతపండుతో తోమాను. అమ్మ గుమ్మంలో నిలబడి, “అంచు దగ్గర జాగ్రత్త. నువ్వు కూడా ఆసుపత్రిలో చేరితే ఇంక ఆ పండ్లు తినలేను నేను,” అంది.

పోలి పాడ్యమి మరునాటి ఉదయం, ఆ కత్తిపీటను ఒళ్లో పెట్టుకుని ఆటోలో అమ్మతో పాటు మార్కెట్‌కు వెళ్లాను. అప్పటికే జనం ఒకరినొకరు తోసుకుంటున్నారు. కుళాయి పక్క అరుగు మీద అత్త సంచి ఉంది. పెదపాడు ఆవిడ కాస్త దూరంలో కత్తిపీట పట్టుకుని నిలబడి ఉంది.

“రా వదినా, రా! నా సంచి పొద్దుటి నుంచీ నీ బదులు తిట్లు తింటంది,” అని అరిచింది అత్త.

అమ్మ కూర్చుంది. పెదపాడు ఆవిడ ఒక్క క్షణం చూసి, కొంగు దోపుకుని, అవతలి వరసలో చోటు చూసుకుంది.

మొదట వచ్చినాయన సంచిలో నుంచి పెద్ద బొచ్చె చేపను తీశారు. అమ్మ దాని బరువు చూసి, కుడిచేతి వైపు చూసుకుంది. “పెద్దయి మా వదిన కోస్తదండి. ఈ వారం నా దగ్గర చిన్నయ్యే,” అంది. ఆయన అత్త వైపు జరిగారు. అలా అనడానికి అమ్మకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. చెయ్యి మునుపటిలా రాలేదు. పూర్తిగా వస్తుందో లేదో ఇప్పటికీ తెలియదు. తరవాత ఒకావిడ అరచెయ్యంత చేపలు నాలుగు తెచ్చారు. అమ్మ ఒకదానిని కత్తికి ఆనించింది. పొలుసులు ఎగిరాయి. కడుపు తెరిచింది. ఊపిరి బిగపట్టింది. నేనూ బిగపట్టాను. ఆకుపచ్చటి చేదు సంచి చెక్కుచెదరకుండా బయటికి వచ్చింది. ఆమె దానిని అరుగు అంచున పెట్టి, తల ఎత్తకుండానే, “ట్రైను తప్పుతావు. ఎల్లు,” అంది.

రైలు భీమడోలు దాటాక నా డబ్బా తెరిచాను. వేకువనే లేచి అమ్మ తానే ఆపిల్ కోసి పెట్టింది. తొక్క లేదు, గింజ లేదు. ముక్కల అంచులు లేతగా పచ్చబారి ఉన్నాయి. ఈసారి పొరపాటున వేసింది కాదు.

ఎదుటి సీటులోని ఒక పెద్దావిడ తొంగి చూసి, “ఏవండీ, ఆపిల్‌కి పసుపు పట్టించారేంటండీ?” అని అడిగారు.

“మా అమ్మ ఏలూరు మార్కెట్లో చేపలు కోస్తుందండీ,” అన్నాను. “ఆవిడ చేతి అలవాటండీ ఇది.”

ఆ మాట బయటివారితో అనడం నాకు అదే మొదటిసారి. డబ్బా ఆవిడ వైపు జరిపాను. ఆవిడ కాసేపు ఆలోచించి ఒక ముక్క తీసుకున్నారు. కిటికీ బయట చెరువుల మీద మంచు ఇంకా పూర్తిగా విడిపోలేదు.

“వాసన కొత్తగా ఉందండీ,” అన్నారు నములుతూ. తరవాత ఇంకో ముక్క కోసం చెయ్యి చాచారు.